తనలోని లోటును తాను ఎరుగుట

మూలవాక్యము: 2 సమూయేలు 19:31–39



దావీదు రాజు తన కుమారుడైన అబ్షాలోమునకు భయపడి యొర్దాను దాటి మహనయీమునకు చేరిన దినములలో, ఆయనకును ఆయన జనమునకును అన్నము పెట్టినవారిలో బర్జిల్లయి అను వృద్ధుడు ఒకడు. పరుపులు, పాత్రలు, గోధుమలు, యవలు, వేయించిన గింజలు, తేనె, వెన్న, గొఱ్ఱెలు, ఇట్లు అలసియున్న జనమునకు ఏమి కావలెనో కనిపెట్టి తెచ్చినవారిలో ఆయనయు ఉండెను. తరువాత రాజు జయము పొంది యెరూషలేమునకు తిరిగి పోవునప్పుడు, ఆయనను సాగనంపుటకు బర్జిల్లయి యొర్దానువరకు వచ్చెను. నాతోకూడ వచ్చి నాయొద్ద ఉండుము, నిన్ను పోషించెదను అని రాజు పిలిచెను.

ఆ పిలుపునకు బర్జిల్లయి ఇచ్చిన జవాబు మన బైబిలులో నిలిచియున్నది. నాకిప్పుడు ఎనుబది ఏండ్లు అనెను. మంచి చెడ్డల భేదము నాకిక తెలియునా అని అడిగెను. తినుదాని రుచియు త్రాగుదాని రుచియు పోయినవనెను. పాడువారి స్వరము చెవికి ఆనదనెను. రాజునకు నేనెందుకు భారముగా ఉండవలెను, నా ఊరిలో నా తలిదండ్రుల సమాధియొద్ద చనిపోనిమ్మని వేడుకొనెను.

ఈ భాగమును చదివి, ఈయన ఎంత వినయముగలవాడు అని చెప్పుకొని మనము ముందుకు సాగిపోవుదుము. మేమును ఎన్నోమారులు ఆలాగే చదివితిమి. ఇప్పుడు చదువునప్పుడు వేరొక సంగతి మాకు కనబడుచున్నది. ఒక మనుష్యుడు తనలో ఏమి తరిగిపోవుచున్నదో తానే ఎరిగి, దానిని నోరు తెరచి చెప్పెను. విన్న రాజు ఆ మాటను కొట్టివేయలేదు. ఇట్లు కనబడుటకు ఒక కారణము కలదు. దానిని సిగ్గుతోనే మీ యెదుట ఉంచవలసియున్నది.

మా సంఘములో ఒక పెద్దాయన ఉండెను. ఆయన పేరు ఇక్కడ వ్రాయము. ముప్పది ఏండ్లపాటు కానుకల లెక్క ఆయన చేతిలోనే ఉండెను. ఆరాధన ముగియగానే సంచి విప్పి, చిల్లర వేరుగాను నోట్లు వేరుగాను పేర్చి, తల్లులు తెచ్చిన పిడికెడు బియ్యమును కొలిచి, రూపాయి తేడా లేకుండ పుస్తకములో ఎక్కించెడివాడు. ఒక వానాకాలపు రాత్రి, మా భోజనములైన తరువాత, ఆయన టార్చిలైటు పట్టుకొని, లెక్కల పుస్తకమును తువ్వాలులో చుట్టుకొని మా యింటికి వచ్చెను.

“అయ్యగారూ, ఈ నెల లెక్క మూడుసార్లు కూడానండి. మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చింది. ఇది కళ్ల మసక కాదండి. లోపల ఏదో జారిపోతోంది. నాకు తెలుస్తోంది” అనెను.

మేమేమి చెప్పితిమి? “వయసు మీదపడ్డాక అందరికీ ఇంతే కదండీ, తాతగారూ. మేమూ నిన్న కళ్లజోడు ఎక్కడ పెట్టామో మర్చిపోయాం. దిగులు పెట్టుకోకండి, ప్రార్థన చేసుకుందాం” అంటిమి. రెండు నిమిషములు ప్రార్థించి పంపివేసితిమి. ఆయన సరేనండి అని, గడపయొద్ద కొంచెము సేపు నిలిచియుండెను. జల్లు లోపలికి కొట్టుచున్నదని మేము తలుపు వేసికొంటిమి.

ఆ సంవత్సరమే లెక్కలలో తేడాలు వచ్చెను. ఆయన డబ్బు వాడుకొనెనను మాట సంఘములో పుట్టెను. కమిటీ కూడి పుస్తకమును ఆయన చేతిలోనుండి తీసికొనెను. ఆయన తనకు తానుగా చెప్పుకొనిన సంగతి మాకు తెలిసియుండియు, ఆ కూటములో మేము గట్టిగా మాటలాడలేదు. మరుసటి యేటికి ఆయనే మారిపోయెను. జారిపోతోంది అను మాట ఆయన నోట మరి వినబడలేదు. కళ్లజోడు కనబడకపోతే కోడలు దాచెననెడివాడు. గురువారమున తెల్లబట్టలు కట్టుకొని గుడికి వచ్చి, గంట ఎందుకు కొట్టలేదని అడిగెడివాడు. పిల్లలు నవ్విరి. పెద్దలు, నీకు మతి పోయింది తాతా, ఇవాళ గురువారం అని ఆయన ముఖముమీదనే చెప్పిరి. ఆయన కోపపడి కఱ్ఱ ఎత్తెను.

ప్రియులారా, ఆయనకు తెలిసిన దినమున మేము వినలేదు. ఆయనకు తెలియని దినములలో మేము చెప్పుట మానలేదు. ఈ రెండును పాపములే. మీ యిండ్లలోను ఇట్టి పెద్దలు ఉన్నారు గనుక, మా తప్పు మీకు పాఠముగా ఉండవలెనని దీనిని వ్రాయుచున్నాము.

ఈ వ్యాధి యెట్టిది?

వైద్యులు దీనిని డిమెన్షియా అందురు. ఇది ఒకే వ్యాధి కాదు. మెదడును కొంచెము కొంచెముగా చెరుపు అనేక వ్యాధులకు అది కలిపిన పేరు. వాటిలో ఎక్కువగా కనబడునది ఆల్జీమర్ వ్యాధి. ఆ పేరు జర్మనీ దేశపు వైద్యుడైన ఆలోయిస్ ఆల్జీమర్ పేరునుండి వచ్చినది. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్టు పట్టణపు ఆస్పత్రికి అవుగుస్తె అను 51 ఏండ్ల స్త్రీని తీసికొనివచ్చిరి. నీ పేరు వ్రాయుమని వైద్యుడు ఆమెకు కాగితమిచ్చెను. ఆమె మొదలుపెట్టి ముగింపలేకపోయెను. తన్ను తాను పోగొట్టుకొంటినను భావముగల మాట ఆమె పలికినట్లు ఆ వైద్యుని కాగితములలో ఉన్నది. ఆమె 1906 ఏప్రిలులో మరణించిన తరువాత ఆయన ఆమె మెదడును పరీక్షించి, అందులో మచ్చలవంటి పేరుకొనిన పదార్థమును, చిక్కుపడిన దారములవంటి పోగులను చూచి, ఆ యేడే నవంబరులో తోటి వైద్యుల యెదుట తెలియజేసెను.

వైద్యుడు ఆ మచ్చలను సూక్ష్మదర్శినిలో చూచుటకు ముందే, తనలో ఏదో పోయినదని ఆ స్త్రీ తన నోటితో చెప్పెను. మా సంఘపు పెద్దాయన చెప్పినదియు అదే. వ్యాధిగలవాని సాక్ష్యము మొదటి సాక్ష్యము. దానిని వినువాడు కావలెను.

అయితే అందరికిని ఇట్లు తెలియదు. మెదడులోని కొన్ని భాగములు, ముఖ్యముగా నుదుటి వెనుకనున్న భాగము, మన పనులను మనకే చూపించు అద్దమువలె ఉన్నవి. వ్యాధి ఆ భాగములను తాకినప్పుడు ఆ అద్దమే మసకబారును. అప్పుడు రోగి తనకు రోగమున్నదని ఎరుగడు. 1914లో ఫ్రాన్సు దేశపు వైద్యుడైన జోసెఫ్ బబిన్‌స్కి ఇట్టి స్థితికి అనోసొగ్నోసియా అని పేరు పెట్టెను. పక్షవాతము వచ్చి ఎడమ చేయి పడిపోయినను, నా చేయి బాగుగనే ఉన్నదని చెప్పు రోగులను ఆయన చూచెను. వారు అబద్ధమాడుటలేదు. వారికి నిజముగా తెలియదు. డిమెన్షియాలోను ఈలాగే జరుగును. కొందరికి మొదట తెలిసి, వ్యాధి ముదిరినకొలది ఆ ఎరుక తగ్గును. కొందరికి మొదటినుండియే తెలియదు. నడవడిని మార్చివేయు ఒక రకపు డిమెన్షియాలో ఇంటివారు కలతపడుచుండగా రోగి తనకేమియు లేదనుకొనును. ఒకే మనిషికి పేర్లు మరచిపోవుచున్నానని తెలియవచ్చును గాని, డబ్బు లెక్క తప్పుచున్నానని తెలియకపోవచ్చును. ఉదయమున తెలిసినది సాయంకాలమునకు తెలియకపోవచ్చును.

కనుక మొండితనమని తిట్టవద్దు. నటించుచున్నాడని అనవద్దు. చేతబడి అని భూతవైద్యుని యొద్దకు పోవద్దు. దయ్యము పట్టెనని వృద్ధుని కట్టి అరచి ప్రార్థించుట కూడదు. ఎవని పాపమువలన ఈలాగు జరిగెనని శిష్యులు పుట్టుగ్రుడ్డివానిగూర్చి అడిగినప్పుడు, మన ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను (యోహాను 9). మనము దానిని తిరిగి ఎత్తుకొనుట తగదు.

ఇది అరుదైన సంగతియు కాదు. మన దేశమంతట జరిపిన ఒక పరిశోధన 2023లో ప్రచురింపబడెను. దాని అంచనా ప్రకారము 60 ఏండ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అనగా 88 లక్షలమందికి, డిమెన్షియా ఉన్నది. పట్టణములకంటె పల్లెలలోనే ఎక్కువ. ఇది ఎక్కడనో దొరల దేశమందలి వ్యాధి అని మనము అనుకొనరాదు. మన గుడిలో చాపమీద మన ప్రక్కన కూర్చున్నవారి వ్యాధి ఇది.

ఇప్పుడు లేఖనము మనకు నేర్పు మూడు సంగతులను చూతము.

మొదటిది: తనకు తెలిసినప్పుడు చెప్పనిమ్ము, వినుము.

బర్జిల్లయికి ఈ వ్యాధి ఉన్నదని లేఖనము చెప్పుటలేదు. అంత తేటగా మాటలాడినవానికి బుద్ధి నిలిచియే ఉండెను. అయినను తనలోని లోటును దాచనివానికి ఆయన మాదిరి. దావీదు ఏమి చేసెనో చూడుడి. నీవింకను బలముగానే ఉన్నావులే అని అనలేదు. అందరికీ ఇంతేలే అని అనలేదు. మాట విని, ఆయన కోరినట్లే జరిగించెదనని ఒప్పుకొని, ముద్దుపెట్టుకొని, దీవించి, ఆయన స్థలమునకు ఆయనను పంపెను. మేమైతే మా పెద్దాయనకు ధైర్యము చెప్పితిమనుకొంటిమి. నిజమునకు ఆయన నోరు మూసితిమి.

భయముతో ఒకడు తన మతి తప్పుచున్నదని చెప్పినప్పుడు మనము మూడు పనులు చేయవలెను. ముందుగా కూర్చుండి పూర్తిగా వినవలెను. ఎప్పటినుండి, ఏ పనిలో, ఎంత తరచుగా అని అడుగవలెను. తనకు తెలియుటే కొందరిని బహుగా క్రుంగదీయును గనుక, ఒంటరిగా విడువరాదు.

తరువాత వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. మతిమరుపంతయు డిమెన్షియా కాదు. బి12 విటమిను తక్కువైనను, థైరాయిడు తగ్గినను, మనోవేదన ముదిరినను, కొన్ని మందులు పడకపోయినను, క్రిందపడి తలలో రక్తము గడ్డకట్టినను మతి తప్పవచ్చును. వీటిలో అనేకమునకు చికిత్స కలదు. ఉన్నట్టుండి రెండుమూడు దినములలోనే మాట తారుమారైతే, జ్వరమో మూత్రములో చీమో ఉండవచ్చును గనుక ఆలస్యము చేయరాదు. ఆల్జీమర్ వ్యాధియే అయితే దానిని పూర్తిగా మాన్పు మందు లేదు గాని, కొంతకాలము సాయపడు మందులు ఉన్నవి. ముందు తెలిసికొనుటవలన ఇంటివారు సిద్ధపడుదురు.

మూడవ పని, ఆ వృద్ధుని కోరికను అడుగుట. బర్జిల్లయి ఎక్కడ చనిపోగోరెనో చెప్పెను. తనకు బదులుగా కింహాము రాజుతో వెళ్లవలెనని కూడ చెప్పెను. ఎవరియొద్ద ఉండవలెనని కోరుచున్నారు, పొలము కాగితములు ఎవరి చేతిలో ఉండవలెను, సమాధి దినమున ఏ కీర్తన పాడవలెను అని తెలివి ఉన్నప్పుడే, పిల్లలందరి యెదుట అడిగి వ్రాసికొనుట ప్రేమయే గాని అపశకునము కాదు.

అమెరికాలోని మయామీ పట్టణమందు రాబర్టు డేవిస్ అను ప్రెస్బిటేరియన్ సంఘకాపరి ఉండెను. తనకు ఆల్జీమర్ వ్యాధి వచ్చినదని తెలిసిన తరువాత ఆయన దాచుకొనలేదు. లోపల తనకెట్లున్నదో భార్య సహాయముతో పుస్తకముగా వ్రాసి 1989లో ప్రచురించెను. కాపరికే ఈ వ్యాధి వచ్చినప్పుడు, కాపరియే నోరు తెరచి చెప్పినప్పుడు, సంఘములో మరి ఎవడును సిగ్గుపడనక్కరలేదు.

రెండవది: తనకు తెలియనప్పుడు వానిని గెలువ చూడవద్దు, మోసగింపవద్దు.

ఆదికాండము 27వ అధ్యాయములో మరియొక వృద్ధుడు ఉన్నాడు. ఇస్సాకు కన్నులు మసకబారెను. యాకోబు తన చేతులకు మేకపిల్లల తోళ్లు కట్టుకొని తండ్రియెదుట నిలిచెను. ఇస్సాకునకు సంగతి సగము తెలిసెను. స్వరము ఒకరిదిగాను చేతులు మరియొకరివిగాను తోచినవని పలికెను. ఒకమారు అడిగెను, దగ్గరకు పిలిచి తడవి చూచెను, మరల అడిగెను. ఆ ముసలివాని అనుమానములో ఎంత వేదన ఉన్నదో తలంచుడి. ఏదో సరిగా లేదని తెలియును గాని ఏమిటో పట్టుకొనలేడు. ఆ సగము చీకటిని కన్నకుమారుడే తనకు లాభముగా మార్చుకొనెను. దీవెన దొరికెను గాని, యాకోబు ఇల్లు విడిచి పారిపోవలసివచ్చెను. పెండ్లిరాత్రి తానును మోసపోయెను. తన ముసలితనమున తన కుమారులే రక్తములో ముంచిన అంగీని చూపి ఆయనను మోసగించిరి.

మన గ్రామములలో ఈ మేకతోళ్లు లేవా? తండ్రికి మతి నిలువదని తెలిసిన తరువాత, మందు ఇప్పించెదమని చెప్పి రిజిస్ట్రారు ఆఫీసునకు తీసికొనిపోయి వేలిముద్ర వేయించుకొనువారు లేరా? తల్లి పింఛను తీసికొని, ఇచ్చితిమి గదా, నీవే మరచితివి అని చెప్పువారు లేరా? అట్టివారు ప్రభువు బల్లయొద్దకు రాకమునుపు ఆ సొమ్ము తిరిగి ఇయ్యవలెను. దేశపు చట్టమును మనమెరుగవలెను. తలిదండ్రుల, వృద్ధుల పోషణకై 2007లో ఒక చట్టము వచ్చెను. చూచుకొందుమను షరతుమీద వృద్ధులయొద్ద ఆస్తి వ్రాయించుకొని తరువాత చూడనివారి దస్తావేజును రద్దుపరచుటకు ఆ చట్టములో దారి కలదు. వృద్ధులకు సహాయము కావలసినప్పుడు 14567 అను నంబరుకు ఫోను చేయవచ్చును.

మోసము చేయనివారును మరియొక తప్పు చేయుదురు. అది వాదము. కళ్లజోడు నీవే దాచితివని మామగారు అన్నప్పుడు, నేను తీయలేదు, మీకే మతి లేదు అని కోడలు అరచినయెడల ఏమి జరుగును? ఆయన అద్దము మసకబారినది. మనమెంత గట్టిగా అరచినను దానిలో ఆయనకు ఏమియు కనబడదు. కనబడునది మన కోపము మాత్రమే. మా పెద్దాయన కోడలు ఈ సంగతిని మాకంటె ముందుగా నేర్చుకొనెను. చదువు అంతగా లేని తల్లి ఆమె. ఒకనాడు మేము ఆ యింట ఉండగా ఆయన ఆమెను దొంగ అనెను. ఆమె కన్నులలో నీళ్లు తిరిగెను గాని, “కనపడకపోతే కోపం వస్తుందిలే మావయ్యా. రండి, ఇద్దరం కలిసి వెతుకుదాం” అని ఆయన చేయి పట్టుకొనెను. దిండు క్రింద కళ్లజోడు దొరికెను. చూచితిరా మీరే పెట్టుకొన్నారు అని ఆమె అనలేదు. “హమ్మయ్య, దొరికింది” అని మాత్రము అనెను.

ఇట్లు చేయుట అబద్ధమాడుట కాదా అని కొందరు మమ్ము అడిగిరి. ఆలోచించి చెప్పుచున్నాము: కాదు. తప్పును ఎత్తిచూపకుండుట వేరు, అబద్ధసాక్ష్యము పలుకుట వేరు. చనిపోయిన భార్య ఎక్కడ అని వృద్ధుడు పదేపదే అడిగినప్పుడు, ప్రతిమారు ఆమె మరణవార్త చెప్పినయెడల ప్రతిమారు ఆయనకు అది క్రొత్త దుఃఖమే. బజారుకు వెళ్లినదని కథ అల్లనక్కరలేదు. “అత్తయ్య గుర్తొచ్చిందా మావయ్యా? అత్తయ్య వండే పులుసు గురించి చెప్పండి” అని అడుగవచ్చును. అందులో అబద్ధము లేదు, గాయము లేదు. ప్రేమతో కూడిన సత్యమును పలుకుడని అపొస్తలుడు ఎఫెసీయులకు నేర్పెను. ప్రేమ లేని సత్యమును రాయివలె విసరుమని నేర్పలేదు.

మూడవది: మనము ఎరుగకపోయినను దేవుడు ఎరుగును.

విశ్వాసులు మమ్మును మెల్లగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. “అయ్యగారూ, మా నాన్న యేసు ప్రభువు పేరు కూడా మర్చిపోయాడు. ఆయన రక్షణ సంగతేంటండి?” ఈ ప్రశ్నకు తేటగా జవాబు చెప్పవలెను. మన రక్షణ మన జ్ఞాపకశక్తిమీద కట్టబడలేదు. పౌలు గలతీయులకు వ్రాయుచు (4:9), మీరు దేవుని ఎరిగితిరని మొదలుపెట్టి, వెంటనే ఆ మాటను సరిచేసికొని, దేవుడే మిమ్మును ఎరిగెనని చెప్పుట మేలని చూపించెను. మనము ఆయనను పట్టుకొనిన పట్టు సడలవచ్చును. ఆయన మనలను పట్టుకొనిన పట్టు సడలదు. యెషయా 49వ అధ్యాయములో, తల్లి తన చంటిపిల్లను మరచినను తాను మరువనని యెహోవా సీయోనుకు మాట ఇచ్చెను. 46వ అధ్యాయములో, తల నెరయువరకు తానే ఎత్తుకొని మోయుదునని చెప్పెను. మోయబడు బిడ్డకు దారి తెలియనక్కరలేదు. మోయువానికి తెలిసిన చాలును.

మరియొక ప్రశ్న బల్లనుగూర్చినది. ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకొని ఆ రొట్టె తినవలెనని కొరింథీయులకు వ్రాయబడినది గదా, తన్ను తాను ఎరుగనివాడు పరీక్షించుకొనుట ఎట్లు, వానికి ప్రభు భోజనము ఇయ్యవచ్చునా అని సంఘపెద్దలు అడిగిరి. ఆ అధ్యాయమును మొదటినుండి చదివిన యెడల పౌలు ఎవరిని గద్దించెనో తెలియును. మతి ఉండియు, ఆకలిగొన్న బీదవానికంటె ముందుగా తిని వానిని సిగ్గుపరచినవారిని గద్దించెను. మతి తప్పిన వృద్ధుని ఆయన తరిమివేయలేదు. ఆయన బదులుగా మనలను మనమే పరీక్షించుకొందము, ఆయనను మనము సిగ్గుపరచితిమా అని.

మేము ఆ పరీక్షలో ఓడితిమి. అందుచేత ఒక ఆదివారమున ఆరాధన తరువాత సంఘమంతటి యెదుట నిలిచి చెప్పితిమి: ఆ పెద్దాయన దొంగ కాదు, తనకు లెక్క నిలుచుటలేదని ఆయనే ముందుగా మాయొద్దకు వచ్చి చెప్పెను, మేము వినక తలుపు వేసికొంటిమి, ఆయన పేరు చెడుటకు మేము కారకులము. కొందరు తలలు వంచుకొనిరి. ఆ సాయంకాలము సంఘపెద్దలతో కలిసి రొట్టెయు ద్రాక్షారసమును తీసికొని ఆయన యింటికి పోయితిమి. ఆయన మమ్మును గుర్తుపట్టలేదు. క్షమించుడని అడిగితిమి. దేనిని క్షమించవలెనో ఆయనకు తెలియలేదు. క్షమాపణ అడుగుటకు మేము ఆలస్యము చేసితిమని అప్పుడు గ్రహించితిమి. రొట్టె ఆయన చేతిలో ఉంచగా చాలసేపు దానిని చూచి, “లెక్క సరిపోయిందా?” అని అడిగెను.

“సరిపోయిందండి, తాతగారూ. ప్రభువు మొత్తం కట్టేశాడు” అంటిమి.

ఆయన రొట్టె తినెను. ఆయనకు ఎంత తెలిసెనో మేమెరుగము. ప్రభువు ఎరుగును. కొన్ని నెలల తరువాత ఆయన తన యింటనే, కోడలి చేతిలో నీళ్లు త్రాగి, నిద్రించెను.

ఇప్పుడు మీలో ప్రతివానికి ఒక మాట. వృద్ధులారా, మీలో ఏదో జారుచున్నదని తోచినయెడల సిగ్గుపడక చెప్పుడి. బర్జిల్లయి రాజు యెదుటనే చెప్పెను. కుమారులారా, తండ్రి చెప్పినప్పుడు వినుడి, చెప్పలేనప్పుడు కనిపెట్టుడి. కోడండ్రారా, కుమార్తెలారా, ఎవరును చూడని మీ సేవను ప్రభువు చూచుచున్నాడు. అయితే ఒంటరిగా మోయవద్దు, అలసితిమని చెప్పుడి. స్త్రీల సమాజమువారలారా, వారమునకు ఒక పూట ఆ యింట కూర్చుండి, ఆ తల్లిని కాస్త నిద్రపోనిండి. యౌవనులారా, గురువారమున గుడికి వచ్చిన తాతను చూచి నవ్వవద్దు. ఆయన చేయి పట్టుకొని ఒక కీర్తన పాడి, ఇంటికి తీసికొనిపొండి. మాటలు పోయినవారిలోను చిన్ననాటి పాట నిలిచియుండుట మేము చూచితిమి. కాపరులారా, రాత్రివేళ గడపయొద్ద ఎవడైన నిలిచియుండినయెడల, వాన కొట్టినను తలుపు వేయవద్దు.

దావీదు తన మరణదినము సమీపించినప్పుడు బర్జిల్లయి కుమారులను మరువలేదు. వారిని తన బల్లయొద్ద భోజనము చేయువారిలో ఉంచుమని సొలొమోనునకు చెప్పెను (1 రాజులు 2:7). భూలోకపు రాజే అంతగా జ్ఞాపకముంచుకొనిన యెడల, మన రాజైన యేసుక్రీస్తు తనవారిని ఎట్లు మరచును?

ప్రార్థన: మమ్మును ఎరిగిన తండ్రీ, తమలోని లోటును ఎరిగి భయపడుచున్న మా పెద్దలకు వినువారిని దయచేయుము. ఎరుగక తడుములాడుచున్నవారికి ఓర్పుగల చేతులను దయచేయుము. వారి పొలమును పేరును దొంగిలించినవారిని మారుమనస్సునకు నడిపించుము. వినక తలుపు వేసిన మా పాపమును క్షమించుము. మేమును నీ నామమును మరచు దినము వచ్చినయెడల, నీవు మా పేరును మరువకుము. యేసు ప్రభువు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.